ముళ్ళమ్మగారు విప్పిన ఎర్రదారం

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం నవంబరు ఆరవ తేదీ, సోమవారం ఉదయం, మన వృక్షశాస్త్ర పరిశోధనాలయంలో సహాయ పరిశోధకురాలిగా చేరడానికి వచ్చిన ఆ సన్నపాటి యువతి, గేటు దగ్గర కాపలాదారు చెప్పిన మాటను భక్తిశ్రద్ధలతో చెవిన వేసుకుని, వెళ్ళవలసిన చోటికి కాక, ఏ మాత్రం వెళ్ళనక్కరలేని చోటికి వెళ్ళారు. ఆయన అన్నది, "మీది తలల గదమ్మా" అని. ఆమెకు వినిపించింది, తాళాల గది అని. మెట్ల పక్కనే ఆ పేరుతో ఒక గది సిద్ధంగా ఉండడంతో, లోపలికి వెళ్ళి, చూపించిన కుర్చీలో ఒద్దికగా కూర్చుని, మధ్యాహ్నం దాకా తన ఉద్యోగం మొదలవడానికి ఎదురు చూశారు. గోడ నిండా కొక్కేలకు వేలాడుతున్న తాళంచెవులు ఆమెను చూస్తున్నాయి. ఆమె వాటిని చూస్తున్నారు.

చివరికి తాళాలాయనే ఉండబట్టలేక అడిగారు.

"ఇంతకీ మీకు ఏ తాళం కావాలమ్మా?"

"తాళం కాదండీ, ఇక్కడే పని అన్నారు."

"ఇక్కడా! ఉన్న పని నాకే చాలక గోళ్ళు గిల్లుకుంటున్నానే. కొంపదీసి నన్ను పీకేస్తున్నారా?"

"అయ్యయ్యో, లేదండీ. నేను మొక్కల చదువు చదివాను."

"మొక్కలా? హమ్మయ్య, బతికించావు తల్లీ. మీది తాళాల గది కాదు. తలల గది. మూడో అంతస్తు, ఆ చివర."

"తలలా? ఎవరివండీ?"

"చచ్చినవాటివి," అన్నారాయన, అతి మామూలుగా, చెవులగుత్తి లెక్క చూసుకుంటూ. "వానాకాలం కళ్ళు మూసుకుంటాయి. ఎండలొస్తే తెరుస్తాయి. కొత్తలో కాస్త దడుసుకుంటారు. తర్వాత అలవాటైపోతుందిలే."

ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అతిశయోక్తి లేదని మనందరికీ తెలుసు గానీ, ఆమె పదవీ విరమణ సందర్భంగా వెలువడుతున్న ఈ సంచిక చదవబోయే కుటుంబ సభ్యుల సౌకర్యార్థం కొంత వివరించవలసి ఉన్నది. చామంతి కుటుంబంలో మనం పువ్వు అని పిలిచేది నిజానికి ఒక్క పువ్వు కాదు. వందలాది చిట్టి పువ్వులు ఒకే పళ్ళెంలో ఒత్తుకుని కూర్చున్న మహాసభ. ఆ సభను శాస్త్రం శీర్షమంటుంది, మన కార్యాలయం తల అంటుంది. అదే కుటుంబానికి చెందిన ఒక ప్రజాతి, ఆకులకూ కాడలకూ తలలకూ ముళ్ళు ధరించి, రాళ్ళనేలల్లో ఎవరి దయా కోరకుండా పెరుగుతుంది. లోతైన ఒకే వేరు, నేలకు కరుచుకున్న ఆకులు, జీవితంలో ఒకేసారి పూయడం, పూసి చనిపోవడం దాని ధర్మం. నోరు తిరగని దాని శాస్త్రనామానికి బదులుగా మనం ముళ్ళచామంతి అంటున్నాము. దాని తల చుట్టూ వెండిరంగులో మెరిసే రేకులవంటివి రేకులు కావు; గడ్డిపరకలా ఎండిన పుష్పపుచ్ఛాలు, అంటే పువ్వును అంటిపెట్టుకుని ఉండే చిట్టి ఆకులు. గాలి పొడిగా ఉంటే అవి వెనక్కి విచ్చుకుంటాయి, తేమ తగిలితే ముడుచుకుని తలను కప్పుకుంటాయి. మధ్యనున్న గోధుమరంగు పళ్ళేన్ని కనుపాపగా, చుట్టూ ఉన్న వెండి పుచ్ఛాలను రెప్పలుగా ఊహించుకున్నవారికి మిగిలిన భయమంతా తనంతట తానే సమకూరుతుంది. ఎందుచేతనంటే ఈ రెప్పపాటుకు ప్రాణంతో పని లేదు. ప్రతి పుచ్ఛానికీ వెలుపలి ముఖం లోపలి ముఖం కంటే ఎక్కువ తేమ పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు లోపలికి వంగుతుంది, ఆరినప్పుడు తిరిగి విచ్చుకుంటుంది. మొక్క చచ్చి తరాలు గడిచినా ఆ పని ఆగదు. మనకు పదవీ విరమణ ఉన్నది. ఆ విరికి మరణానంతరం కూడా విరమణ లేదు.

వానలు వెనకబట్టి పొడిగాలి తిరిగిన వారంలో మూడో అంతస్తు గదిలో ఒంటరిగా కూర్చున్నవారికి, మూసి ఉన్న బీరువాల్లోంచి చిట్, చిట్ అని సన్నని చప్పుడు వినబడుతుంది. మొదటి ఏడాది ఆమె ఎలుకలనుకుని బీరువా తలుపు తీశారు. గాజుమూత పెట్టెల్లో, వరుస మీద వరుసగా, ఆమె పుట్టకముందు కోసిన తలలన్నీ రెప్పలు విప్పి ఆమె వంకే చూస్తున్నాయి. తలుపు నెమ్మదిగా మూసి, బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, మళ్ళీ లోపలికి వెళ్ళారట. ఆ గదిని ఊడ్చే ఆమె మాత్రం ఏనాడూ అంత సాహసం చేయలేదు. "నేను గడపదాకా ఊడుస్తానమ్మా, లోపల మీరే కానివ్వండి. అవి నా వంక చూస్తుంటే చీపురు ఆడదు," అని తేల్చి చెప్పేసింది. ఆ విధంగా మన సహాయ పరిశోధకురాలు ఆ గదికి పరిశోధనలోనూ పరిశుభ్రతలోనూ ఏకైక అధికారిణి అయ్యారు.

ముళ్ళమ్మగారు అన్న బిరుదు ఎవరు ప్రసాదించారో తెలియదు గానీ, వేళ్ళ నిండా ముళ్ళ గాట్లతో క్యాంటీన్‌లో టీ గ్లాసు పట్టుకోవడానికి ఆమె పడే అవస్థ చూసినవారెవరైనా ప్రసాదించగలరు. మొక్కలతో మొక్కుబడిగా మెలగడం ఎరుగని మొక్కవోని దీక్ష ఆమెది. ముళ్ళున్నవి మొక్కలకే గానీ మాటలకు లేవు. కొత్తగా చేరినవారి తప్పును దిద్దేటప్పుడు కూడా, "ఇలా కూడా అనుకోవచ్చు, కాకపోతే మొక్క అలా అనుకోదు," అని మాత్రమే అనేవారు.

పందొమ్మిది వందల తొంభై మూడులో అప్పటి మన అధిపతి, మనమందరం పెద్దసారు అని పిలుచుకునే మహనీయుడు, ఆమెను వెంటబెట్టుకుని పొగమంచు ఏడాది పొడుగునా వదలని ఒక కొండ శిఖరానికి ప్రయాణమయ్యారు. అక్కడ నిలబడితే చాచిన చేతి వేళ్ళు కనిపించవు. వంగి చూస్తే నేలమీద, రాళ్ళ సందుల్లో, ముళ్ళచామంతులు. అన్నీ కళ్ళు మూసుకునే ఉన్నాయి. ఎదురుచూశారు. మరునాడు చూశారు. కొండమీద అడవి కాపలా ఉద్యోగిని అడిగారు. "నేను వచ్చినప్పట్నుంచీ ఇంతేనండీ, ఒక్కటి తెరవగా చూడలేదు," అన్నాడతను. తెల్లటి ఆ నిశ్శబ్దంలో, కాళ్ళ చుట్టూ, రెప్పలు దించుకున్న తలలు. పెద్దసారు కూడా గొంతు తగ్గించి మాట్లాడారట, ఎవరో నిద్రపోతున్న గదిలోలాగా.

కోసిన తలలను కాగితాల మధ్య అదిమితే నలిగిపోతాయి. కనుక ప్రయాణంలో ముళ్ళు విరగకుండా, కోసిన వెంటనే తల చుట్టూ దారం చుట్టి బిగించి, కార్యాలయానికి చేరాక విప్పి పెట్టెలో పెట్టడం పెద్దసారు ప్రవేశపెట్టిన పద్ధతి. ఆ రోజు తెచ్చిన దారం అయిపోయింది. ఆమె తన ఎర్ర శాలువా అంచులోంచి పోగులు లాగి, ఒక్కొక్క తలకూ చుట్టి ముడి వేశారు. ముళ్ళ పువ్వుకు ముళ్ళు వేసినవారు ముళ్ళమ్మగారే కదా! తిరిగి వచ్చాక పెద్దసారు ఆ పెట్టెల విషయంలో మాత్రం ఒక ప్రత్యేక నియమం పెట్టారు. "ఇవి మళ్ళీ దొరుకుతాయో లేదో. ఒక్క ముల్లు విరిగినా నష్టమే. దారం విప్పొద్దు. ఎవరూ విప్పొద్దు." మూల బీరువాలో, మెడలకు ఎర్రదారాలతో, ఆ తలలు కొలువు తీరాయి. ఎన్నటికీ కళ్ళు తెరవని కొత్త జాతిగా పెద్దసారు వాటిని లోకానికి పరిచయం చేసి, ఆ జాతికి తన శిష్యురాలి పేరు పెట్టారు. శాస్త్రలోకంలో ఒక మొక్కకు పేరై నిలవడం కంటే పెద్ద సత్కారం మా ఎరుకలో లేదు. మనుషులు రిటైరవుతారు, పోతారు. పేరున్న మొక్క ప్రతి ఏటా మొలుస్తుంది.

రెండు వేల నాలుగులో ఎండిన నమూనాల భాండాగారానికి అధిపతిగా పదోన్నతి పొంది, శిథిలమవుతున్న వేలాది నమూనాలను పునరుద్ధరించి, తేమను లాగే యంత్రాన్ని పోరాడి సాధించి, ఎందరో పరిశోధకులకు కంటికి రెప్పలా నిలిచిన ముళ్ళమ్మగారు, ఆ కాలమంతటిలోనూ ఒక చిన్న విషయాన్ని మాత్రం పట్టించుకోలేదు. పొడిగాలి రోజుల్లో తక్కిన బీరువాలు చిట్, చిట్ అంటుంటే, మూల బీరువా మాత్రం కిర్రు, కిర్రు అనేది. బిగించి కట్టినదేదో ఊపిరి పీల్చుకోబోయి ఆగినట్టు. చెక్కపురుగు అనుకుని మందు చల్లించారు. మందు చల్లిన తర్వాత కూడా అది కిర్రుమంటూనే ఉండేది.

ఇక ఈ సంచిక సంగతి. ముఖచిత్రంగా ఆమె పేరుగల పువ్వే ఉండాలని మనమందరం ఏకగ్రీవంగా తీర్మానించాము. గత మాసంలో ఒక ఉదయం ఫోటోగ్రాఫర్ రెండు పెద్ద దీపాలతో మూడో అంతస్తుకు వచ్చి, పెట్టెలోని తలను చూసి పెదవి విరిచాడు.

"మేడమ్, ఈ ఎర్రదారం తీసేద్దామా? మెడకి ఉరేసినట్టుంది. మీకు సన్మానం చేస్తున్నట్టుండదు, కేసు పెట్టినట్టుంటుంది."

ఆమె తటపటాయించారు. నియమం నియమమే. అయినా ఒక్క తలకేగా, ఒక్క ఫోటోకేగా అనుకుని కత్తెర తీసుకున్నారు. పోగు తెగింది. దీపాలు వెలిగాయి. ఫోటోగ్రాఫర్ కెమెరా వెనక వంగాడు.

"మేడమ్, కదపకండి."

"నేను కదపలేదండీ."

"మరి కదులుతోందేంటి?"

ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు. దీపాల వేడికి, ఎన్నో ఏళ్ళ క్రితం చనిపోయిన ఆ తల, ఒక వెండి రెప్పను ఎత్తింది. తర్వాత దాని పక్కది. అటు తర్వాత, తొందరేమీ లేనట్టుగా, చుట్టూ ఉన్నవన్నీ. గోధుమరంగు పాప ఒకటి నేరుగా ఆమె ముఖంలోకి చూసింది. ఫోటోగ్రాఫర్ దీపాలను అక్కడే వదిలి రెండో అంతస్తుకు చేరుకున్నాడు. మధ్యలో మెట్లు తగిలినట్టు అతనికి జ్ఞాపకం లేదు. "ఫోటో తీసేటప్పుడు కళ్ళు మూసేవాళ్ళని తిట్టుకుంటూ బతికానండీ. కళ్ళు తెరిచినందుకు పారిపోవడం ఇదే మొదలు," అని తర్వాత క్యాంటీన్‌లో మనతో అన్నాడు. మనం నవ్వాము. మూడో అంతస్తులో ఆమె నవ్వలేదు. ఎన్నటికీ తెరవనిది తెరిచిందంటే దాని అర్థం మనందరిలో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. తన పేరుగల జాతి అంటూ ఒకటి లేదు. అది మైదానాల్లో ఎప్పటినుంచో దొరికే పాత ముళ్ళచామంతే. మంచులో కళ్ళు మూసుకున్న క్షణాన తాము దారం కట్టారు, అంతే.

అంతే అనుకోవడానికి మనసొప్పక, ఆ వారమంతా భూతద్దం కింద కొండ తలనూ మైదానపు తలనూ పక్కపక్కన పెట్టి పోల్చారు. గింజ మీది నూగు ఒకటే. చిట్టిపువ్వు గొట్టం ఒకటే. ఆకు కాస్త వెడల్పన్నది నిజమే గానీ, నీడలోనూ మంచులోనూ ఏ ఆకైనా కాస్త వెడల్పే. చివరికి కొండమీద ఇప్పటి అడవి కాపలా ఉద్యోగికి ఫోన్ చేసి, ఒక మొక్కను తల తెగకుండా తెచ్చి పొడిగా ఉన్న గదిలో పెట్టి చూడమన్నారు. మర్నాడు అతనే ఫోన్ చేశాడు.

"పొయ్యి పక్కన పెట్టానండీ. తెరిచింది."

"పూర్తిగానా?"

"పూర్తిగానేనండీ. ఇంక దీన్ని బయట పెట్టేస్తున్నా. నేను ఎటు తిరిగితే అటు చూస్తోంది."

"అది చూడదు బాబూ, దానికి కళ్ళు లేవు."

"ఆ సంగతి దానికి చెప్పండి మేడమ్."

ఆ మధ్యాహ్నమే ఆమె డైరెక్టర్ గారికి విషయం నివేదించారు. సంచిక అచ్చుకు వెళ్ళబోతోంది, పెద్దసారు వీడ్కోలు సభకు ముఖ్య అతిథిగా రావడానికి అంగీకరించారు, ఆహ్వానపత్రాల నిండా ఆ పువ్వే. డైరెక్టర్ గారు తలుపు దగ్గరికి వేసి వచ్చారు. కఠినులు కారు, ఆమె మీది గౌరవంతోనే అన్నారు.

"మేడమ్, మీరు వెళ్ళిపోయే ముందు ఈ రచ్చ ఎందుకు? ఆయనకి కళ్ళు కూడా సరిగ్గా కనిపించట్లేదు. ఆయన పెట్టిన పేరు ఆయన ముందే కొట్టేస్తామా? ఆ దారం మళ్ళీ కట్టేయండి. మీ తర్వాత వచ్చేవాళ్ళు చూసుకుంటారు."

"వాళ్ళెలా చూస్తారు సార్? దారం విప్పొద్దని నియమం ఉందిగా."

డైరెక్టర్ గారు వెళ్ళి తలుపు తిరిగి తెరిచారు. కట్టొద్దని మాత్రం అనలేదు.

అందరూ ఇళ్ళకు బయలుదేరుతున్న వేళ ఆమె మూల బీరువా ముందు కూర్చున్నారు. తెగిన ఎర్రపోగు బల్లమీద ఉంది. విచ్చుకున్న తలకు దారం కట్టబోతే పుచ్ఛాలు పుటుక్కున విరుగుతాయి. ముందు అది మూసుకోవాలి, మూసుకోవాలంటే తేమ కావాలి. ఆమె తలను రెండు అరచేతుల మధ్యకు తీసుకుని, పెదవుల దగ్గరికి తెచ్చి, ఊపిరి ఊదారు. ఎంతసేపు అలా ఊదారో ఆమెకు తెలియదు. కిటికీలో వెలుతురు పలుచబడింది. చేతుల్లో ఏదో మెత్తగా కదిలినట్టయి చూస్తే, వెండి రెప్పలు ఆమె ఊపిరి మీదికి వాలుతున్నాయి. ఆజ్ఞ విన్నట్టు, ఎదురు ప్రశ్న లేకుండా. ఇంకో నాలుగు ఊపిర్లకు తల పూర్తిగా కళ్ళు మూసుకుంటుంది. పోగు చుడితే చాలు. ఆమె పేరు ఆమె తర్వాత కూడా ఆ కొండమీద మంచులో మొలుస్తూ ఉంటుంది.

ఆ విధేయత చూసే ఆమెకు ఒళ్ళు జలదరించిందట. తెరుచుకున్నప్పుడు కలగని భయం మూసుకుంటున్నప్పుడు కలిగింది. "చచ్చినదాన్ని పట్టుకుని నా మాట వినేలా చేస్తున్నాను, చూడు," అని తరువాత ఆమె ఒకరితో అన్నారు. పోగును బల్లమీదే వదిలి, తలను గాజు కింద పెట్టి, ఇంటికి వెళ్ళిపోయారు.

ఇంట్లో ముందుగది గోడకు, మనవరాలు రంగుపెన్సిళ్ళతో వేసిన బొమ్మ అంటించి ఉంది. కళ్ళు మూసుకున్న ముళ్ళపువ్వు, కింద 'అమ్మమ్మ పువ్వు' అని వంకర అక్షరాలు. దాని ముందు నిలబడిపోయిన భార్యను చూసి, కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆమె భర్తగారు విషయం రాబట్టారు. అంతా విని, సంప్రదాయం ప్రకారం మొదట హాస్యమాడారు.

"నా దుకాణానికి కళ్ళు కనపడట్లేదని వస్తారు. నీ దగ్గర చచ్చినవాటికి కూడా చూపొస్తోంది. బోర్డు మార్చేద్దామా?"

"మీకంతా వేళాకోళమే. నా పేరు పోతోందండీ."

"పోయి ఎక్కడికెళ్తుంది?"

"ఎక్కడికీ పోదు. పర్యాయనామం అయిపోతుంది. అసలు పేరు పైన, నా పేరు కింద, చిన్న అక్షరాల్లో."

"మన గుమ్మం బోర్డుమీద నీ పేరు కింద నా పేరు అలాగే ఉందిగా. నేనేం చచ్చానా?"

ఆమె నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చారు. ఆయన ఆ తర్వాత హాస్యమాడలేదు. "పెద్దాయనకి నువ్వే చెప్పు. ఇంకెవరి నోటా వినకూడదు," అని మాత్రం అన్నారు.

పెద్దసారు ఇప్పుడు కుమారుడి ఇంట, మేడమీది గదిలో ఉంటున్నారు. కిటికీ ఎటువైపుందో తెలిసేటంత చూపే మిగిలింది. ఆమె నమస్కరించి, విచ్చుకున్న ఆ తలను ఆయన అరచేతిలో పెట్టారు. ఆయన వేళ్ళు ముళ్ళ మీద పాత పరిచయంతో నడిచాయి.

"మైదానంలోదే కదమ్మా. పాత జాతి. ఎందుకు తెచ్చావు?"

"కొండమీదిది సార్."

ఆయన వేళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలి, పుచ్ఛాల అడుగున, దారం ఏళ్ళ తరబడి ఒరుసుకున్న చోట పడిన సన్నని గాడిని పట్టుకున్నాయి. దాని వెంట చుట్టూ తిరిగి మొదలుకు వచ్చాయి.

"ఇది మన ముడి గాడి," అన్నారాయన.

"అవును సార్."

"నీ పేరు పోతుందే, అమ్మాయ్."

"పక్కనే మీ పేరు కూడా ఉంది సార్, పెట్టినవారిగా."

"నాదానికేంలే. నేను చాలా మొక్కలకి చాలా పేర్లు పెట్టాను, ఒకటి పోతే గుర్తు కూడా పట్టను. నీకున్నది ఒక్కటే." తలను తిరిగి ఆమె చేతికిచ్చి, "క్షమించమని వచ్చావా?" అని అడిగారు.

"కాదు సార్. అడిగి వెళ్దామని వచ్చాను. విప్పొద్దన్నది మీరు. మిగతావన్నీ విప్పుతాను."

ముసలాయన ముఖంలో ఏదో కోపం వంటిది వచ్చి, నిలవలేక, వెళ్ళిపోయింది. "నేను లేకుండా విప్పకు," అన్నారు. "చూడలేను. వింటాను."

కిందటి సోమవారం మనమందరం కలిసి ఆయనను కుర్చీతో సహా మూడో అంతస్తుకు మోసుకుని వెళ్ళిన సంగతి, మోసినవారి నడుములకు ఇంకా జ్ఞాపకమే. తేమ లాగే యంత్రం ఉదయం నుంచి గురక పెడుతోంది. డైరెక్టర్ గారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఊడ్చే ఆమె కూడా వచ్చింది; గడప దాటలేదు. ముళ్ళమ్మగారు మూల బీరువాలోని పెట్టెలన్నీ పొడవాటి బల్లమీద పేర్చి, మూతలు తీసి, ఒక్కొక్క ఎర్రపోగునే కత్తిరించుకుంటూ వెళ్ళారు. చివరిది తెగాక, పెద్దసారుకు చప్పుడు వినబడేందుకు యంత్రాన్ని ఆపించారు.

కొంతసేపు ఏమీ జరగలేదు. ఎవరో దగ్గబోయి మానుకున్నారు. అప్పుడు బల్ల ఆ చివర్నుంచి, చిట్ అని ఒక చప్పుడు. పెద్దసారు తల అటు తిప్పారు. ఇంకొకటి, ఈ చివర్నుంచి. ఆపైన చప్పుళ్ళను విడివిడిగా వినడం సాధ్యం కాలేదు. బల్ల పొడుగునా, తమ జీవితకాలంలో ఒక్కసారైనా ఎండ ముఖం చూసి ఎరుగని తలలు, కొన్ని గబగబా, కొన్ని బరువుగా, రెప్పలెత్తి గదిని చూశాయి. మనలో చాలామంది చూపు తిప్పుకున్నాము. పెద్దసారు మాత్రం, తిప్పుకోవలసిన చూపు లేక, చివరి చిట్ దాకా విన్నారు. ఒకే ఒక్క తల సగమే తెరిచి ఆగిపోయింది. దానికి దారం మరీ బిగువుగా కట్టి ఉండాలి.

తరువాత ఆయనే గొంతు సవరించుకుని, పాఠం చెప్పే పాత స్వరంతో, ఏం జరిగిందో అందరికీ విప్పి చెప్పారు.

"మొక్క ఒకటే. పేర్లు రెండు. మైదానంలో పొడిగాలికి తెరుచుకుంది కాబట్టి అదొక జాతి అన్నారు మనకంటే ముందువాళ్ళు. కొండమీద మంచుకి మూసుకుంది కాబట్టి ఇది ఇంకో జాతి అన్నాను నేను. కిందికి తీసుకొచ్చుంటే ఆ సాయంత్రమే తెరిచేది. తెరవకుండా కట్టేసింది మనమే. తల కట్టేసి, పెట్టెలో పెట్టి, ముందు నిలబడి, ఇది కళ్ళు తెరవదర్రా అని ఇన్నేళ్ళు పాఠం చెప్పాను. కట్టేసినవాడే అలా అంటే అది మాత్రం ఏం చేస్తుంది పాపం? లోపల్లోపల కిర్రుమంది. మీరు పురుగుల మందు కొట్టారు."

ఎవరో నవ్వారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు తగ్గాక, గడప దగ్గర్నుంచి ఊడ్చే ఆమె అడిగింది.

"మరి అమ్మగారి పేరు?"

పెద్దసారు జవాబు చెప్పబోయి, ఆమె వైపు చేయి చూపించారు. ముళ్ళమ్మగారు బల్లమీది ఎర్రపోగులను ఒక్కొక్కటే ఏరుతూ, తలెత్తకుండా అన్నారు.

"ఉంటుంది. పాత పేరు కింద, చిన్న అక్షరాల్లో. పొరపాటు ఎక్కడ జరిగిందో వెనకొచ్చేవాళ్ళకి తెలియాలిగా. ఆ మలుపు దగ్గర ఎవరో ఒకరు నిలబడి, ఇటు కాదమ్మా, అటు అని చెప్పాలి. నేను నిలబడతాలే."

ఈ సంచిక ముఖచిత్రం మీద కళ్ళు తెరిచి ఉన్న పువ్వు క్రింద ముద్రించిన రెండు పేర్ల వివరం ఇదేనని పాఠకులు గ్రహింతురు గాక. ముఖచిత్రం తీసినది ఆ ఫోటోగ్రాఫరే. ఈసారి తలుపు తెరిచి ఉంచవలసిందిగా ముందే షరతు పెట్టాడు.

ముళ్ళు గుచ్చుకోని ఉదయాలు, టీ గ్లాసు హాయిగా పట్టుకోగల వేళ్ళు, మనవరాలు కొత్తగా వేయబోయే బొమ్మలకు చాలినంత గోడ, వాటన్నిటినీ చూడడానికి చాలినంత చూపు, ఆ చూపు తగ్గితే చవకలో కళ్ళజోడు అమర్చడానికి పక్కనే భర్తగారు, ఏ కీలూ కిర్రుమనని నిండు ఆరోగ్యం, ఇవన్నీ ముళ్ళమ్మగారికి దీర్ఘకాలం సమకూరాలని, పొడిగాలి తిరిగిన ప్రతి ఏడాదీ ఒక్కసారైనా మూడో అంతస్తు మెట్లెక్కి మన మధ్య కూర్చునే ఓపిక ఆమెకు నూరేళ్ళూ ఉండాలని, మనమందరం, గడప ఇవతలివారమూ అవతలివారమూ, మనసారా కోరుకుంటున్నాము.